భావన్న గారి ఇరవయ్యో వారం

మా పెసరపాడు జిల్లా ఆసుపత్రికి, కత్తి పెట్టకుండా మెదడుకు వైద్యం చేసే యంత్రం వచ్చిన రోజున నేను సెలవులో లేను. ఉండి ఉంటే ఈ కథ చెప్పే భారం ఇంకెవరి మీదో పడేది, నా రక్తపోటు కూడా అదుపులో ఉండేది. నా పేరు చిదంబరరావు. ఆసుపత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. స్కానింగ్ సెక్షను కాగితాలు చూస్తాను. ఊళ్లో అందరూ పెద్ద గుమాస్తా గారంటారు.

ముందు ఆ యంత్రం సంగతి చెప్పాలి. చూడటానికి బోర్లించిన పెద్ద గిన్నెలా ఉంటుంది. రోగికి గుండు చేయించి, పడుకోబెట్టి, ఆ గిన్నెను నెత్తికి తగిలించి ఎమ్మారై సొరంగంలోకి తోస్తారు. గిన్నె లోపలంతా వెయ్యిన్నీ ఇరవై నాలుగు చిన్న చిన్న బిళ్లలుంటాయి. ఒక్కో బిళ్ల నుంచి మనిషి చెవికి వినపడని ధ్వని, అంటే అల్ట్రాసౌండ్, పుర్రెలోంచి లోపలికి వెళ్తుంది. విడివిడిగా అవి ఏమీ చెయ్యలేవు. అన్నీ ఒకే చోట కలిస్తే మాత్రం అక్కడ వేడి పుట్టి, చేతిని వణికిస్తున్న శెనగగింజంత భాగం మాడిపోతుంది. కోత లేదు, కుట్టు లేదు. రోగి మెలకువగా ఉండి, డాక్టరు అడిగినప్పుడల్లా చెయ్యెత్తి చూపిస్తూనే ఉంటాడు. మా మెదడు డాక్టరు యశోధర గారు ఇదంతా చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. ప్రభుత్వం ఇంత మంచి పని చేసిందంటే ఎక్కడో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని కూడా అనిపించింది.

"చెయ్యి వణికే వాళ్లు మీకెవరైనా తెలుసా చిదంబరరావు గారూ? మొదటి కేసు మంచిది పడాలి" అన్నారావిడ.

తెలియకేం. బస్టాండు వెనక సెలూను భావనారాయణ. ఊరందరికీ భావన్న. ముప్పై ఏళ్లుగా నా గడ్డం ఆయన చేతుల్లోనే ఉంది. ఆరేళ్ల కిందట ఆ కుడి చెయ్యి వణకడం మొదలెట్టింది. అదో విచిత్రమైన వణుకు. ఒళ్లో పెట్టుకున్నంతసేపు చెయ్యి నిమ్మళంగా ఉంటుంది. కత్తి పట్టుకుని చెంప దగ్గరకు వచ్చేసరికి అందుకుంటుంది. గిరాకీ మెల్లగా ఎదుటి సెలూన్లోకి తరలిపోయింది. చివరికి మిగిలింది నేనొక్కణ్ణి. ధైర్యం వల్ల కాదు, మొహమాటం వల్ల. ఆ ఏడు ఉగాదికి ముందు నా చెవి తమ్మె కోసుకుని నెత్తురు కాలర్లోకి కారితే, నేను ఏమీ కాలేదన్నాను. ఆయన మాత్రం కత్తి కడిగి, తుడిచి, అలమరలో పెట్టి తాళం వేశాడు. ఆ తరవాత దాన్ని ముట్టుకోలేదు. అరవై ఒకటో ఏట, ఇంకో పని రాని మనిషి, తన షాపులో తనే గిరాకీలా కుర్చీలో కూర్చుని అద్దంలోకి చూస్తుండేవాడు.

నేను వెళ్లి యంత్రం మాట చెప్పగానే ఆయన భార్య తులశమ్మ ఎగిరి గంతేసింది.

"టీ గ్లాసు సగమే పోస్తన్నా అన్నయ్య గారూ. ఆ సగంలోనూ సగం చొక్కా తాగుద్ది" అంది.

"నెప్పేమన్నా ఉంటదా?" అన్నాడు భావన్న. తరవాత తనే, "ఉంటే ఉండనీ. కత్తి పట్టుకోగలిగితే చాలు" అన్నాడు.

వచ్చే మంగళవారమే చేయించేద్దాం అన్నాను. అది జూన్ నెల. ఏ సంవత్సరం మంగళవారమో చెప్పలేదు కాబట్టి నేను అబద్ధమాడినట్టు కాదు.

శనివారం నాడు డాక్టర్ వామనమూర్తి గారు జీపు దిగారు. ఆయన జిల్లా స్కానింగ్ పర్యవేక్షణాధికారి. కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలుసుకుని తీయించేసే పాపిష్టి పనిని ఆపడానికి ఓ చట్టం ఉంది కదా, దాన్ని మా జిల్లాలో అమలు చేసేది ఆయనే. చట్టం మంచిదే. దాన్ని నేనేమీ అనను. వామనమూర్తి గారినీ ఏమీ అనను, ఎందుకంటే ఆయన లంచం తీసుకోరు. లంచం తీసుకోని మనిషితో ఎలా వేగాలో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది.

"సదరు యంత్రమునందు అల్ట్రాసౌండ్ తరంగములు ఉత్పన్నమగుచున్నవా, లేదా?" అని అడిగారు.

"అవుతాయండీ. కాకపోతే ఇది తలకి" అన్నారు యశోధర గారు.

"తలకా, పొట్టకా అను విచక్షణ నిబంధనలయందు లేదు. తరంగము తరంగమే. నేడు తలకు పెట్టిన దానిని రేపు పొట్టకు పెట్టరని మీరు హామీ ఇవ్వగలరా?"

"గిన్నె పొట్టకి పట్టదండీ."

"పట్టు పొట్టలు కూడా ఉండవచ్చును" అని, ఆయన యంత్రానికి గుడ్డ చుట్టించి, లక్క కరిగించి సీలు వేయించారు. సూపరింటెండెంట్ పానకాలరావు గారు పక్కనే నిలబడి చప్పట్లు కొట్టబోయి ఆగారు. ఏ కార్యక్రమం జరిగినా చప్పట్లు కొట్టడం ఆయనకు అలవాటు.

సీలు ఊడాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. రిజిస్ట్రేషన్ దరఖాస్తులో 'ప్రోబుల సంఖ్య' అని ఒక గడి ఉంటుంది. ప్రోబు అంటే పొట్ట మీద ఆనించి చూసే ముక్క. మామూలు స్కానింగ్ మిషనుకు మూడో నాలుగో ఉంటాయి. యంత్రం బిగించడానికి వచ్చిన కంపెనీ ఇంజనీరు వట్టి నిజాయితీపరుడు. ధ్వని పుట్టే బిళ్లలు ఎన్నని అడిగితే వెయ్యిన్నీ ఇరవై నాలుగు అని రాసి ఇచ్చాడు. ప్రతి ప్రోబుకూ ఒక ఫొటో, ఒక నంబరు, ఒక ధ్రువపత్రం, దాని మీద ఒక స్టిక్కరు ఉండాలన్నది నిబంధన. జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలు నేను చేసిన పని అదే. ఆరు వందలు దాటాక ఫొటోలన్నీ ఒక్కలాగే కనిపించాయి. అసలు మొదటి నుంచీ ఒక్కలాగే ఉన్నాయని నాకు అప్పుడు తట్టింది.

స్టిక్కర్లు అంటిస్తే ధ్వని బయటికి రాదని ఇంజనీరు మొత్తుకున్నాడు. వామనమూర్తి గారు ఆ అభ్యంతరాన్ని సానుభూతితో పరిశీలించారు. స్టిక్కర్లు ఒక రిజిస్టరులో అంటించి, ఆ రిజిస్టరును యంత్రం పక్కనే ఉంచవచ్చునని ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. రిజిస్టరు మూడు సంపుటాలు అయింది.

తరవాత బోర్డు. 'ఇచట లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు పడుకున్న రోగికి స్పష్టంగా కనిపించాలి. ఇక్కడ రోగి తల గిన్నెలో, గిన్నె సొరంగంలో. కాబట్టి బోర్డు సొరంగం నోటి దగ్గర పెట్టాలని తేల్చారు. ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతం, ఆ గదిలోకి ఇనుము తేకూడదని యశోధర గారు ఊరంతా వినపడేలా చెప్పారు. కానీ ఆవిడ ఒక రోజు సెలవు పెట్టారు. ఆ రోజునే ఇద్దరు అటెండర్లు నాలుగడుగుల రేకు బోర్డు పట్టుకుని తలుపు తీశారు. వాళ్లు లోపలికి వెళ్లక ముందే బోర్డు వెళ్లిపోయింది. ఫడేలుమన్న చప్పుడుకు కింది అంతస్తులో ఒక పేషెంటు తనంతట తానే డిశ్చార్జి అయి వెళ్లిపోయాడు. ఊడదీయడానికి ఇంజనీరుకు పదకొండు రోజులు పట్టింది. ఈలోగా తనిఖీకి వచ్చిన వామనమూర్తి గారు మాత్రం ఎంతో తృప్తి పడ్డారు.

"బోర్డు యంత్రమునకు ఇంత దగ్గరగా ఏర్పాటు చేసిన ఆసుపత్రిని నేను ఇంతవరకు చూచి ఉండలేదు" అన్నారు.

పానకాలరావు గారు చప్పట్లు కొట్టారు.

అక్టోబరు చివర్లో సీలు ఊడింది. అదే వారం రాజధాని నుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. మార్చి నెలాఖరులోగా కనీసం ఒక్క రోగికైనా చికిత్స జరగని పక్షంలో యంత్రాన్ని వేరే జిల్లాకు తరలిస్తామని దాని సారాంశం. యశోధర గారు నవ్వారు. "నవంబరు ఒకటిన భావన్న గారికి చేసేస్తాం. ఇంకేం అడ్డు?" అన్నారు.

అడ్డు ఫారం.

స్కానింగ్ యంత్రం కింద పడుకునే ప్రతి మనిషికీ ఆన్‌లైన్లో ఫారం నింపాలి. భావన్నా తులశమ్మా నా బల్ల ముందు కూర్చున్నారు. నేను కంప్యూటరు తెరిచాను. పేరు దగ్గర పేరు రాశాను. లింగం దగ్గర ఒకే ఒక్క ఎంపిక ఉంది: స్త్రీ. నేను వామనమూర్తి గారికి ఫోన్ చేశాను.

"పోర్టల్ రాష్ట్ర స్థాయిలో రూపొందించబడినది. దానిని ప్రశ్నించు అధికారము జిల్లాకు లేదు. కొనసాగించుడు" అన్నారు.

కొనసాగించాను. భర్త పేరు అని అడిగింది.

"నా పేరు రాయండి అన్నయ్య గారూ. తిండి పెట్టేది నేనేగా" అంది తులశమ్మ.

రాశాను. బతికి ఉన్న సంతానం: మగ ఇద్దరు, ఆడ ఒకరు. అది నిజమే కాబట్టి నాకు కొంచెం ఊపిరాడింది. తరవాత గడి: గర్భం ఎన్ని వారాలు? 'వర్తించదు' అని కొట్టాను. ఒప్పుకోలేదు. సున్నా కొట్టాను. 'ఒకటి నుంచి నలభై రెండు లోపు అంకె వేయండి' అంది. ఖాళీగా వదిలితే, ఖాళీ గడి చట్టరీత్యా నేరమని ఎర్రక్షరాల్లో బెదిరించింది. మళ్లీ ఫోన్ చేశాను.

"అంకె వేయుటకు పోర్టల్ అవకాశమిచ్చుచున్నపుడు వేయకపోవుట సహకార నిరాకరణ యగును" అన్నారు వామనమూర్తి గారు.

నేను ఇరవై వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ చెప్పలేను. అటూ ఇటూ కాకుండా మర్యాదగా ఉంటుందనిపించింది.

చివర్లో ఒక ప్రకటన: 'నా గర్భంలోని శిశువు ఆడో మగో తెలుసుకోవాలని నేను కోరుకోవడం లేదు.' దాని కింద సంతకం పెట్టాలి.

"కడుపే లేదు గదా గుమాస్తా గారూ. తెలుసుకునేదేముంది?" అన్నాడు భావన్న.

"తెలుసుకోవాలని ఉందా?"

"లేదు."

"మరి రాసింది నిజమేగా."

ఆయన కాసేపు ఆలోచించి, నిజమేనని ఒప్పుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని సంతకం గీశాడు.

నవంబరు ఒకటిన తులశమ్మ స్వయంగా ఆయనకు గుండు గీసింది. ఎదుటి సెలూన్లో తల వంచనని ఆయన మొండికేశాడట. ఆసుపత్రి మంచం మీద పడుకుని, గిన్నె కోసం ఎదురుచూస్తూ ఉండగా ఎమ్మారై గదిలో కంప్యూటరు కూత పెట్టింది. తెర మీద ఎర్రగా ఒకటే వాక్యం: 'గర్భిణి. ఈ చికిత్స నిషిద్ధం.'

యశోధర గారు నా వైపు చూసిన చూపు నేను చచ్చినా మరిచిపోను.

"తీసెయ్యండి ఆ ఎంట్రీ" అన్నారు పానకాలరావు గారు.

తీసెయ్యడానికి మీట ఉంది. నొక్కితే కారణం అడుగుతుంది. కారణాలు మూడే: ప్రసవం, గర్భస్రావం, తల్లి మరణం. గర్భస్రావం అని పెడితే ఇరవై వారాల మీద గనక విచారణ, ముగ్గురు డాక్టర్ల మీద కేసు. తల్లి మరణం పెడదామా అని పానకాలరావు గారు భావన్న వైపు చూశారు. ఆయన గుండు తడుముకుంటూ, "నేను బతికే ఉన్నానండీ" అన్నాడు. మిగిలింది ప్రసవం. దానికింకా ఇరవై వారాలుంది. అంటే మార్చి మూడో వారం.

తులశమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి నా మీద విరుచుకుపడింది. "నలభై రెండు యేసుంటే ఈపాటికి అయిపోయేదిగా! ఆ ఇరవై ఎందుకు యేశారు? మీ సొమ్మేం పోయింది?"

ఎవరిదో చెయ్యి బాగుపడాల్సిన రోజును నేను నా మర్యాద కోసం అయిదు నెలలు వెనక్కి నెట్టాను. అది నన్ను నిజంగానే బాధించింది.

పోర్టల్‌లో ఒకసారి పేరు ఎక్కితే ప్రభుత్వం మనిషిని వదలదు. ఆ వీధి ఆశా కార్యకర్త నాగరత్నం మర్నాడే సెలూనుకు వచ్చింది. ఐరన్ మాత్రలు, క్యాల్షియం మాత్రలు, నెలకు ఇరవై అయిదు గుడ్లు, పాల ప్యాకెట్లు తెచ్చింది.

"నాకు తెలుసు బాబాయ్, నేను గుడ్డిదాన్ని కాదు. ఇచ్చినట్టు ఫొటో పెట్టకపోతే నాకు మెమో ఇస్తారు. కాస్త పొట్ట మీద చెయ్యేసుకుని నిలబడు" అంది. ఆయన నిలబడ్డాడు. చెయ్యి వణుకుతుండటంతో ఫొటో నాలుగుసార్లు తీయాల్సి వచ్చింది.

వయసు అరవై ఒకటి గనక ఆయన 'అత్యంత ప్రమాదకర గర్భం' జాబితాలోకి ఎక్కాడు. జిల్లాలో అలాంటివి పదిహేడు. మిగతా పదహారుకూ లేని వైభోగం ఈ ఒక్కదానికి జరిగింది, ఎందుకంటే ఈ ఒక్క ఇంటికే కారు వెళ్లే దారి ఉంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి రికార్డు చేసిన ఆడగొంతు ఫోన్ చేసి, "తల్లీ, ఈ రోజు బిడ్డ కదలికలు గమనించావా?" అని అడిగేది. మొదట్లో భావన్న బూతులు తిట్టేవాడు. జనవరి కల్లా, "గమనించానమ్మా, కులాసా" అనడం మొదలెట్టాడు. ఎదుటి సెలూన్లో జనం చెవులు రిక్కించి వినేవారు.

ఫిబ్రవరిలో సామూహిక సీమంతం పెట్టారు. నలభై మంది గర్భిణులు ఉండాలన్నది లక్ష్యం. ముప్పై తొమ్మిది మంది వచ్చారు. నలభయ్యో పేరు కోసం వామనమూర్తి గారు నాకు ఫోన్ చేశారు.

నేను వద్దన్నాను. ఆ మాట గట్టిగానే అన్నానని నా ఉద్దేశం. కానీ రాకపోతే 'సేవలు నిరాకరించిన గర్భిణి' అని నమోదు చేస్తామని, అలా నమోదైతే ప్రసవం అయ్యాక కూడా విచారణ తెరిచి ఉంటుందని, అది మార్చి దాటిపోతుందని ఆయన వివరించారు. భావన్న విని, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. కుర్చీల వరసలో చివర కూర్చున్నాడు. ఆడవాళ్లు మొదట నవ్వారు. పేరంటాళ్లు వరసగా గంధం రాసి, పూలు ఇచ్చి, గాజులు తొడుగుతూ వచ్చారు. ఆయన దగ్గరకు వచ్చేసరికి ఆగి, వామనమూర్తి గారి వంక చూశారు. అధికారి తలూపారు. పెద్ద సైజువి వెతికి తొడిగారు.

గాజులు తొడిగించుకోవడానికి చెయ్యి ముందుకు చాపాలి. చాపితే వణుకుతుంది. అరడజను గాజులు గలగలమని మోగడం మొదలెట్టాయి. ఆయన ఆపాలని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఇంకా మోగాయి. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. మైకులో ప్రసంగం నడుస్తున్నా నాకు ఆ చప్పుడే వినపడింది. పక్క కుర్చీలో ఉన్న తొమ్మిదో నెల పిల్ల ఒకతి ఆయన చెయ్యి మెల్లగా తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు ఆగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పూట నేను భోజనం చెయ్యకుండా ఇంటికి వచ్చేశాను.

మార్చి ఇరవై ఒకటిన ప్రసవం నమోదు చెయ్యడానికి పానకాలరావు గారి గదిలో సమావేశం జరిగింది. తేదీ వేశాను, సమయం వేశాను, బరువు దగ్గర రెండున్నర కిలోలు వేశాను. పుట్టింది ఆడా, మగా అని అడిగింది పోర్టల్.

"మగ అనెయ్యండి. ఎవరూ ఏమీ అడగరు" అన్నారు పానకాలరావు గారు, అనుభవం మీద.

వామనమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "జిల్లాలో వెయ్యి మంది మగశిశువులకు ఆడశిశువుల నిష్పత్తి ఆందోళనకరముగా ఉన్నది. సంవత్సరాంత నివేదిక సమర్పించవలసి ఉన్నది. ఈ దృష్ట్యా ఆడశిశువు అభిలషణీయము."

"మీరు రాతపూర్వకంగా ఇస్తారా సార్?" అన్నాను.

"అభిలాషను రాతపూర్వకముగా ఇచ్చు సంప్రదాయము లేదు" అన్నారు.

ఆడ అని నొక్కాను. తెర మీద పూలు కురిశాయి. 'అభినందనలు! మీ ఇంట మహాలక్ష్మి!' అని పాట వచ్చింది. పానకాలరావు గారు చప్పట్లు కొట్టారు.

అయినా పోర్టల్ బాలింతను వారం దాకా వదల్లేదు. చివరికి మార్చి ఇరవై తొమ్మిదిన తులశమ్మ రెండోసారి గీసిన గుండుతో భావన్న మళ్లీ పడుకున్నాడు. కంప్యూటరు ఈసారి నోరెత్తలేదు. తలకు చట్రం బిగించి, చుట్టూ చల్లటి నీళ్లు తిరిగే గిన్నెను తగిలించి, సొరంగంలోకి తోశారు. నేను అద్దం ఇవతల తులశమ్మ పక్కన నిలబడ్డాను. ధ్వని పంపిన ప్రతిసారీ యశోధర గారు లోపలికి వెళ్లి, ఆయన చేతికి కలం ఇచ్చి, అట్ట మీద సుడి గీయమనేవారు. మొదటి సుడి నలిపేసిన దారపుండలా ఉంది. మూడోది చుట్ట పెట్టిన చాంతాడులా ఉంది. ఆరోది గీసి ఆయన చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నున్నగా, ఎక్కడా తొణక్కుండా, లోపలి నుంచి బయటికి వచ్చిన గీత అది.

"మంచినీళ్లివ్వండి" అన్నాడు.

గ్లాసు నిండా ఇచ్చారు. ఒక్క చుక్క ఒలకకుండా తాగాడు. తులశమ్మ అద్దానికి నుదురు ఆనించి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దాచుకోను. యంత్రం అబ్బురమైనది. వినపడని ధ్వని మూడు గంటల్లో చేసిన పనిని, వినపడే మేమందరం కలిసి తొమ్మిది నెలలు ఆపగలిగామంటే మేము ఇంకా అబ్బురమైన వాళ్లం.

భావన్న అలమర తాళం తీశాడు. గిరాకీ తిరిగి వచ్చింది. కొందరు గడ్డానికి, కొందరు గర్భం దాల్చిన మంగలిని చూడటానికి. చూడ్డానికి వచ్చిన వాళ్లకు కూడా గడ్డం గీసి పంపేవాడు.

మే నెల రెండో వారంలో ఓ ఉదయం నేను ఆ కుర్చీలో వెనక్కి వాలి, మెడ పైకెత్తి, కళ్లు మూసుకుని ఉన్నాను. సబ్బు నురగ పట్టించి, కత్తి కంఠం మీద పెట్టాడు భావన్న. బయట జీపు ఆగింది. వామనమూర్తి గారు, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, వాళ్ల వెనక మొహం వేలాడేసుకున్న నాగరత్నం లోపలికి వచ్చారు. కళ్లు తెరిచి ఓరగా చూస్తే అద్దంలో అందరూ కనిపించారు.

"మార్చి ఇరవై ఒకటవ తేదీన మీకు జన్మించిన ఆడశిశువును ఆరు వారముల టీకాలకు హాజరుపరచలేదు. మూడు పర్యాయములు గృహ సందర్శన జరిపినను శిశువు కానరాలేదు. శిశువు ఎక్కడ?" అని నోటీసు చదివారు.

"పుట్టలేదు గదండీ" అన్నాడు భావన్న, గీస్తూనే.

"పుట్టినట్లు ప్రభుత్వ దాఖలా ఉన్నది. పుట్టిన ఆడశిశువు లేదనిన, ఏమి చేసితిరో చెప్పవలసి ఉన్నది. ఏడు దినములు గడువు."

"ఆడపిల్ల అని నొక్కించింది తమరే గదా సార్!" అని నేను గావుకేక పెట్టాలనుకున్నాను. కత్తి గొంతు మీద ఉంది. ముక్కుతో ఏదో శబ్దం మాత్రం వచ్చింది.

వామనమూర్తి గారు ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. చెప్పానుగా, ఆయన మంచివాడు.

"ఈ జిల్లాలో పద్నాలుగేండ్లుగా పనిచేయుచున్నాను. ఆడపిల్ల కనపడకుండా పోయిన కేసు ఇదే మొదటిది. దీనిని నేను విడువను" అన్నారు.

నాకు లోలోపల పకపకా నవ్వొచ్చింది. మొదటిదట!

అప్పుడు నాగరత్నం, ఎవరితోనూ కాకుండా గోడతో అన్నట్టు, "మా వీధుల్లోనే గడిచిన ఏడాది నలుగురు ఈ ఫారాలే రాశారండీ, నాలుగో నెలా, అయిదో నెలా అని. నలుగురి కడుపులూ పోయినయ్యి. ఒక్కళ్లు కూడా జీపేసుకుని రాలేదు" అంది.

"వాటి ఫారములు సక్రమముగా ఉన్నవి" అన్నారు వామనమూర్తి గారు. "పరిశీలించితిమి. ఒక్క గడి ఖాళీ లేదు. సంతకములతో సహా."

నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ నలుగురి ఫారాలు నింపించింది ఎవరో నాకు తెలుసు. 'ఆడో మగో తెలుసుకోవాలని నేను కోరుకోవడం లేదు' అన్న వాక్యం కింద వేలు పెట్టి, ఇక్కడమ్మా, ఇక్కడ సంతకం, అని చూపించింది ఎవరో తెలుసు. గడులు చూశానే గాని, గడుల కింద తలవంచుకున్న ఆ మొహాల్లో ఒక్కటీ నాకు గుర్తు లేదు. ఇరవై రెండేళ్లలో అలాంటి ఫారాలు ఎన్నో లెక్కపెట్టబోయి, భయమేసి మానుకున్నాను.

భావన్న కత్తి పైకెత్తాడు. నా మెడ మీద చెయ్యేసి చూశాడు. తన కుడి చేతిని ఓసారి వెలుతుర్లోకి చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అది రాయిలా నిలబడింది.

"కదలమాకండి గుమాస్తా గారూ" అన్నాడు. "నా చెయ్యి బాగానే ఉంది. మీరే వణుకుతున్నారు."